పూలజడకు, పూలనగలకు పూలు సిద్ధం చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో మా ఇంటి వరండాలోనే పూలజడలు, హల్దీ సెట్లు చేస్తుంటాను. నేర్చుకుంటామని వచ్చేవాళ్ళందరూ ముందు కుట్టడం చూపించమంటారు. కుట్టడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది. పూలు తెచ్చిన దగ్గర్నుంచి జడ తలకెక్కేవరకు వాటిని చూసుకోవడమే అసలు పని, దాని గురించి ఎవరూ అడగరు. పాడయ్యాక మాత్రం ఫోన్ చేస్తారు. అలా వచ్చిన ఫోన్లలోవే ఈ ప్రశ్నలు చాలావరకు.

మల్లెమొగ్గలు ముందురోజే కొనిపెట్టుకోవచ్చా?

ముహూర్తం ఎన్నింటికో చెబితే దీనికి జవాబు చెప్పగలను. గుండుమల్లె మొగ్గకు దాని గడియారం దానికుంది. ఆ రోజు సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గను రైతులు తెల్లవారుజామునే కోసేస్తారు. కోశాక కూడా ఆ గడియారం ఆగదు. చెట్టున ఉన్నా, మీ బుట్టలో ఉన్నా పొద్దుగూకే వేళకు విచ్చుకోవడం మొదలుపెడుతుంది, రాత్రికి పూర్తిగా విచ్చుకుంటుంది, మర్నాటికి వాడిపోతుంది. మనం చేయగలిగింది చల్లదనంతో ఆ గడియారాన్ని కాస్త నెమ్మదింపజేయడం వరకే.

అందుకే జడ పెట్టుకునే గంట నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. రాత్రి 9 గంటల ముహూర్తమైతే పెళ్ళికూతురికి జడ 6 గంటలకల్లా పెట్టాలి. 4:30కి ఫ్రిజ్‌లోంచి తీయాలి. కుట్టడం మధ్యాహ్నం ఒంటిగంటకు అయిపోవాలి. అంటే మొగ్గలు ఆ పొద్దున 8 గంటలకు మీ చేతిలో ఉండాలి. మైలవరం వైపు నుంచి వచ్చే మల్లెలు మాకు సీజన్లో ఆ వేళకు దొరుకుతాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు, రాజమండ్రి వైపువాళ్ళు కడియపులంకకు తెల్లారకముందే వెళ్ళడం మంచిది. ఎండెక్కాక అవే మొగ్గలు దొరుకుతాయి గానీ, అప్పటికి గోనెసంచిలో నాలుగు గంటలు ఉడికి ఉంటాయి.

మరి పొద్దున ఏడింటికి ముహూర్తమైతే?

నాకు టెన్షన్ పెట్టేవి ఈ ఆర్డర్లే. ఆ పొద్దున కోసిన మొగ్గ టైముకు అందదు. ముందురోజు మొగ్గేమో రాత్రికే విచ్చుకుంటుంది. అప్పుడు ఒక అంచె తక్కువ మొగ్గలను ఏరుకుంటాను. అంటే తెల్లగా ఉండాలి, కానీ తల ఇంకా పూర్తిగా ఉబ్బకూడదు, కొసన లేత ఆకుపచ్చ జీర మిగిలి ఉండాలి. అలాంటి మొగ్గ కోశాక సరిగ్గా విచ్చుకోదు. దండకైతే అది లోపమే. పొద్దుటి జడకు మాత్రం అదే కావాలి, ఎందుకంటే మొగ్గ మొగ్గలాగే ఉండిపోతుంది. వాసన తక్కువే, ఆ మాట పెళ్ళివారికి ముందే చెప్పేస్తాను. వాసన కోసం జడ పైభాగాన ఒక వరస దవనమో మరువమో కలుపుతాను.

మంచి మొగ్గ అని ఎలా గుర్తుపట్టాలి?

బుట్ట పైపొర చూసి కొనకండి. చెయ్యి లోపలికి పెట్టండి. వెచ్చగా తగిలితే ఆ బుట్ట వద్దు. ఒక మొగ్గ తీసి తొడిమ దగ్గర చూడండి, తొడిమ పచ్చగా, కాడ గట్టిగా ఉండాలి. కాడ వంచితే మెత్తగా వాలిపోతే అది నిన్నటిది. నీళ్ళు చల్లి నిన్నటి మొగ్గను ఇవాళ్టి మొగ్గలా మెరిపించవచ్చు గానీ కాడను నిలబెట్టలేరు.

గులాబీకి పరీక్ష వేరు. పువ్వు కింది భాగాన్ని రెండు వేళ్ళతో మెల్లగా నొక్కండి. గట్టిగా తగిలితే తాజాది. మెత్తగా ఉంటే జడలో పెట్టిన గంటకే రేకులు రాలుతాయి. చామంతికి నడిమి బొడ్డు చూడాలి. అది బిగుతుగా, కాస్త పచ్చగా ఉంటే రెండు రోజులు ఢోకా లేదు.

జడకు ఎన్ని పూలు పడతాయి?

నడుము దాకా వచ్చే నిండు మొగ్గల జడకు నేను ముప్పావు కిలో మొగ్గలు తెస్తాను. అరకిలో కంటే కాస్త ఎక్కువ వాడతాను, మిగతావి ఏరివేతలో పోతాయి. చిన్నపిల్ల జడైతే పావుకిలో నుంచి 300 గ్రాములు చాలు. కట్టిన దండలు కొనేట్టయితే మూర లెక్కను నమ్ముకోకండి. మూర అంటే మోచేయి నుంచి వేలి కొస దాకా, సుమారు అడుగున్నర. ఎవరి మోచేయి అన్నది అమ్మేవాళ్ళ ఇష్టం! అదీగాక ఎడంగా కట్టిన మూరలో పూలు సగమే ఉంటాయి. కాబట్టి జడకు విడిపూలే కొనండి, తూకానికి.

ఇంటికి తేగానే పూలను కడగాలా?

మల్లె, జాజి, కనకాంబరం కడగొద్దు. రేకు మీద నీటిబొట్టు నిలిచిన చోట గోధుమరంగు మచ్చ పడుతుంది. నేను చేసేది ఇది: నీడపట్టున తెల్లటి పాత నూలు చీర పరిచి, ఫ్యాన్ ఆపేసి, మొగ్గలను పలచగా పోస్తాను. ఓ పావుగంట అలా వదిలేస్తే లోపలున్న వేడి పోతుంది, చీమలు, సన్నటి తామరపురుగులు బయటికి వస్తాయి. తెల్లబట్ట మీదైతే అవి కనిపిస్తాయి. ఆ తర్వాత ఏరుకోవడం. మచ్చ పడ్డవి, పురుగు తొలిచినవి, అప్పుడే నోరు తెరిచినవి పక్కకు పెడతాను. మిగిలినవాటిని పెద్దవి, చిన్నవి అని రెండు గుట్టలు చేస్తాను, ఎందుకంటే జడ పైన పెద్ద మొగ్గ, కిందికి పోనుపోను చిన్న మొగ్గ రావాలి. ఈ ఏరడం విసుగుపుట్టే పనే. ఇంట్లో ముసలివాళ్ళుంటే వాళ్ళ చేతిలో పెట్టండి, మనకంటే బాగా ఏరతారు.

చేతులు మాత్రం శుభ్రంగా ఉండాలి, నూనె జిడ్డు, క్రీము ఉండకూడదు. మా అమ్మమ్మ పూల పని ఉన్న రోజు వంటింట్లోకి వెళ్ళేది కాదు. మడి అనుకునేదాన్ని. కారపు చేతులు తగిలితే మొగ్గ కమిలిపోతుందని తర్వాత తెలిసింది.

కాడలున్న పూల సంగతి వేరు. గులాబీలు, చామంతులు, ఆర్కిడ్లు రాగానే నీళ్ళలో పెట్టాలి. బకెట్‌లో శుభ్రమైన నీళ్ళు పోసి, నీటిలో మునిగే ఆకులన్నీ దూసేసి, కాడ చివర ఒక అంగుళం ఏటవాలుగా కోసి నిలబెట్టండి. పదునైన చాకుతో కోయాలి, మొద్దు కత్తెరతో కోస్తే కాడ నలిగి నీళ్ళు పీల్చే నాళాలు మూసుకుపోతాయి. కనీసం 3, 4 గంటలు, వీలైతే రాత్రంతా చల్లటి గదిలో ఉంచండి. కడుపునిండా నీళ్ళు తాగిన పువ్వే కాడ తెంపాక కూడా ఒక పూట నిలబడుతుంది. దాహంతో ఉన్న పువ్వును తెంపి చెవిపోగు చేస్తే ఫొటోలు అయ్యేలోపే తలవాలుస్తుంది.

ఫ్రిజ్‌లో ఎలా పెట్టాలి?

నూలుబట్టను తడిపి, గట్టిగా పిండి, అది స్టీలు డబ్బాలో పరచండి. మొగ్గలు రెండు అంగుళాలకు మించని మందంలో పోసి పైన అదే బట్ట కప్పండి. మూత బిగించకుండా కొంచెం ఓరగా పెట్టండి. అరటాకు దొరికితే బట్టకన్నా మేలు. ఫ్రిజ్‌లో కింది అర, కూరగాయల ట్రే పై భాగం సరైన చోటు. ఫ్రీజర్ కిందనున్న అరలో, వెనక గోడకు ఆనించి పెడితే ఆ వైపు మొగ్గలు కాలినట్టు నల్లబడతాయి.

ఒక వేసవిలో రెండు జడలు కుట్టి, సాయంత్రం దాకా ఫ్రిజ్‌లో దాచాను. పక్క అరలో మా ఇంటాయన తెచ్చిన డజను బంగినపల్లి పళ్ళు ఉన్నాయి. తీసి చూస్తే జడలో కలిపిన గులాబీలు రేకులు జారవిడిచాయి, మొగ్గలు పసుపు తిరిగాయి. పండు మాగేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. కాయను పండు చేసేది అదే, పువ్వును ముసలిది చేసేదీ అదే. మామిడి, అరటి, ఆపిల్, టమాటా ఏవైనా సరే, పూలు పెట్టే రోజు వాటిని బయటికి తీసేయండి. కార్నేషన్లు, ఆర్కిడ్లు వాడేవాళ్ళయితే మరీ జాగ్రత్త, అవి ఇథిలీన్‌కు అసలు ఆగవు.

ఫ్రీజర్‌లో పెడితే ఇంకా ఎక్కువ రోజులు ఉంటాయి కదా?

ఉండవు. రేకులో ఉన్న నీరు గడ్డకట్టి లోపలి కణాలను చీల్చేస్తుంది. బయటికి తీయగానే ఉడికించిన ఉల్లిపొరలా అవుతుంది.

మాటిమాటికీ నీళ్ళు చల్లాలా?

వద్దు. బట్ట తడిగా ఉంటే చాలు, పువ్వు తడవక్కర్లేదు.

దారమా, అరటినారా, గ్లూ గన్నా?

దండ కట్టడానికి అరటినార అన్నింటికంటే మంచిది. వెడల్పుగా, మెత్తగా ఉంటుంది కాబట్టి కాడను కోయదు, తడిని తనలో దాచుకుంటుంది. ఎండిన నారను నీళ్ళలో పావుగంట నానబెట్టి, సన్నగా చీల్చి, తడి తుడిచి వాడండి. నార దొరకకపోతే తెల్లటి నూలుదారం రెండు పేటలు చేసుకోండి. నైలాను దారం మాత్రం వద్దు, కాస్త గట్టిగా లాగితే కాడలు తెగిపడతాయి.

జడ కుట్టడానికి సన్నటి పొడుగు సూది కావాలి. మొగ్గ తలకు సూది తగలనివ్వకండి. తలకూ తొడిమకూ మధ్యనున్న కాడలోంచి దించండి. తలలోంచి గుచ్చితే గంటలో ఆ చుట్టూ గోధుమరంగు వలయం వస్తుంది, ఒక వరసంతా అలా వచ్చిందంటే దూరానికి జడ మురికిగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళ జడలు మధ్యాహ్నం బాగుండి సాయంత్రానికి చెడిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. వరస పూర్తయ్యాక దారం బిగించేటప్పుడు కూడా మొగ్గ విచ్చుకోవడానికి వెంట్రుకవాసి చోటు వదలండి. పక్కపక్కన ఇరికిస్తే అది విచ్చుకోలేక నలుగుతుంది.

గ్లూ గన్ విషయంలో నేను పాతకాలపు మనిషిని. ఆ జిగురు కరిగి వచ్చేటప్పుడు 100 డిగ్రీలు దాటి ఉంటుంది, మల్లె, లిల్లీ మొగ్గలు ఆ వేడికి అక్కడికక్కడే ఉడుకుతాయి. తొందరలో తప్పదంటే ముందు అట్ట మీదనో ఫెల్ట్ బట్ట మీదనో జిగురు వేసి, పది సెకన్లు ఆగి, అప్పుడు గట్టి పూల వెనకభాగం అంటించండి. చామంతి, బంతి తట్టుకుంటాయి.

హల్దీకి పూలనగలు చేయాలి. ఏ పూలు ఎంచుకోవాలి?

పెళ్ళికూతురు రెండు మూడు గంటలు ఎండలో, పసుపునీళ్ళలో, పాటల మధ్య ఉంటుంది. అందంకన్నా ముందు గట్టితనం చూడండి. నెక్లెస్‌కు, వడ్డాణానికి లిల్లీ మొగ్గలు బాగుంటాయి. మనం లిల్లీ అని పిలుచుకునే నేలసంపెంగ మొగ్గకు కండ ఎక్కువ, ఒక పూటంతా బిర్రుగా ఉంటుంది. పూలకాడలో కింది మొగ్గలు ముందు విచ్చుకుంటాయి కాబట్టి నడిమివీ పైవీ తీసుకోండి. పాపిడిబిళ్ళకు, చెవులకు చిన్న చామంతులు, బటన్ గులాబీలు. చెవిపోగు బరువు చూసుకోండి, ఒక్క పెద్ద గులాబీ తడితో కలిపి చెవిని కిందికి లాగుతుంది.

నాటు గులాబీ వాసన బంగారం, ఒంటి మీద మాత్రం నిలవదు. అదే కావాలంటే సగం విచ్చిన పువ్వు తీసుకుని, రేకులన్నీ కలిసే మొదట్లో సూదితో అడ్డంగా రెండుసార్లు దారం దించి ముడి వేయండి. డచ్ గులాబీలకు బయట ఉండే మందపాటి, మచ్చల రేకులను రెండో మూడో తీసేస్తే చాలు, ఎక్కువ తీస్తే పువ్వు వదులవుతుంది.

బంతి చవక, గట్టిది, కానీ పట్టుబట్ట మీద పసుపుపచ్చ మరక వదులుతుంది. హల్దీకి పర్వాలేదు, ఎలాగూ ఆ చీర పసుపులో తడిసేదే. అదే పూలను పెళ్ళిపీటల మీద చీరకు తాకేలా వాడొద్దు.

మల్లెలు దొరకని నెలల్లో ఏం చేయాలి?

మన దగ్గర మల్లె ఉగాది వేళకు ఊపందుకుని ఎండలున్నంతకాలం ఉంటుంది. కార్తీకం, మార్గశిరం పెళ్ళిళ్ళకు మొగ్గల జడ కావాలంటే తమిళనాడు నుంచి వచ్చేవే దిక్కు. మధురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు మందంగా ఉంటుంది కాబట్టి ప్రయాణానికి ఆగుతుంది. ధర మాత్రం చలికాలంలో గుండె ఆగేలా ఉంటుంది.

నేనైతే చలికాలం జడను చలికాలం పూలతోనే చేయమంటాను. కాగడాలు అప్పుడే పూస్తాయి, వాసన లేకపోయినా తెల్లగా నిండుగా కనిపిస్తాయి. డిసెంబరాలు ఊదారంగు వరస వేస్తే పట్టుచీరకు ఎంత బాగుంటుందో! వాటికి వాసన లేదు, బరువూ లేదు. నందివర్ధనం మొగ్గలు మల్లెకు దగ్గరగా కనిపిస్తాయి, ఎక్కువసేపు ఉంటాయి. తుంచిన చోట పాలు కారతాయి కాబట్టి తుంచగానే కాడవైపు నీళ్ళలో ముంచి అరగంట ఉంచి, పాలు ఆగాక బట్ట మీద ఆరబెట్టి కుట్టండి. లేకపోతే సూది, దారం, వేళ్ళు అన్నీ జిగటే.

కనకాంబరం దాదాపు ఏడాదంతా దొరుకుతుంది. రేకు సిగరెట్ కాగితమంత పలచన, తడి ఎక్కువైతే ఒకదానికొకటి అంటుకుపోతుంది. దాన్ని తడిబట్టలో కాకుండా పొడి అరటాకులో చుట్టి పెట్టండి.

మార్కెట్లో నీలం, చిలకపచ్చ రంగు లిల్లీలు, చామంతులు కనిపిస్తున్నాయి. వాడొచ్చా?

అవి రంగు ఎక్కించినవి. తడి తెల్లగుడ్డతో ఒక పువ్వును తుడిచి చూడండి. రంగు గుడ్డకు అంటితే మెడకూ, జాకెట్టుకూ కూడా అంటుతుంది. ఒంటికి తగిలే నగలకు నేను వాడను. మండపం అలంకరణకు ఏమన్నా వాడుకోండి.

పూలు పెట్టుకుంటే దురద వస్తుందంటున్నారు. నిజమేనా?

కొందరికి వస్తుంది. చామంతి, బంతి ఒకే కుటుంబం మొక్కలు, వయ్యారిభామ కలుపు కూడా ఆ కుటుంబమే. వయ్యారిభామ పడనివాళ్ళకు మెడకు చామంతి హారం కూడా పడకపోవచ్చు. పెళ్ళికి రెండు రోజుల ముందు మోచేయి మడతలో ఒక పువ్వును కాసేపు కట్టి చూడమనండి. నగ వెనక మెత్తటి నూలుబట్ట కుట్టడం ఎలాగూ మంచి అలవాటు, పువ్వు చర్మానికి నేరుగా తగలదు.

మరో మాట. పెరట్లో బాగున్నాయి కదా అని గన్నేరు, పచ్చగన్నేరు పూలను నగల్లోకి తేవద్దు. రెండూ విషమొక్కలే. చిన్నపిల్లలు మెళ్ళో ఉన్నది నోట్లో పెట్టుకోకుండా ఉండరు.

జడ తల మీద నిలవడం లేదు, జారిపోతోంది. పూల లోపమా?

పూలది కాదు, కింద జుట్టుది. తలస్నానం చేసిన రోజే పట్టులాంటి జుట్టు మీద ఏదీ నిలవదు, ముందురోజు చేయమనండి. సవరం వేసి, బిగుతుగా అల్లి, దాని మీద పూలజడను పైన, నడుమ, కింద దారంతో కట్టి, U పిన్నులు పెట్టాలి. హెయిర్ స్ప్రే కొట్టేది ఉంటే అది ముందే కొట్టి ఆరనివ్వాలి. ఆ స్ప్రేలో ఆల్కహాల్ ఉంటుంది, పూల మీద పడితే రేకు క్షణాల్లో ముడుచుకుంటుంది. బ్యూటీషియన్‌కు ఈ సంగతి ముందే చెప్పండి. నేను ఆరు గంటలు కుట్టిన జడను ఒకసారి ఒకావిడ చివర్లో "ఫినిషింగ్" అంటూ రెండుసార్లు పుస్సుమనిపించింది.

చిన్నపిల్లలకైతే పాత పద్ధతిలో తల మీదనే కుట్టకండి. మా చిన్నప్పుడు అలా రెండు గంటలు కూర్చోబెట్టేవారు. కదిలితే మొట్టికాయ, చివరికి స్టూడియోలో అద్దం ముందు నిలబెట్టి జడా మొహమూ రెండూ పడేలా ఫొటో. ఆ ఫొటోలో నేను ఏడుపుమొహంతోనే ఉంటాను. అట్ట మీద విడిగా కుట్టి కట్టేస్తే ఐదు నిమిషాల పని.

వేరే ఊరికి పంపాలంటే?

థర్మాకోల్ పెట్టెలో అడుగున ఐస్ ముక్కలను ప్లాస్టిక్ కవర్‌లో కట్టి, పైన నాలుగైదు మడతల న్యూస్‌పేపర్, దాని మీద అరటాకు, ఆ పైన జడ. జడను మడవకండి, పొడవుగా పడుకోబెట్టండి. ఐస్ నేరుగా తగలకూడదు. న్యూస్‌పేపర్ కూడా పూలకు తగలకూడదు, సిరా అంటుతుంది. ఇలా పెడితే ఏసీ బస్సులో విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఇబ్బంది లేకుండా చేరుతుంది. చేరాక వెంటనే మూత తీసి ఎండలో పెట్టొద్దు, చల్లటి గదిలో అరగంట ఉంచి, పట్టిన తేమ ఆరాక తీయాలి.

విదేశాలకు పట్టుకెళ్ళడం గురించి మాత్రం చాలా జాగ్రత్త. ఆస్ట్రేలియాలో పూల విషయంలో నిబంధనలు కఠినం. 2025 సెప్టెంబరులో ఓణం వేడుకకు వెళ్ళిన మలయాళ నటి నవ్యా నాయర్‌కు జానెడు మల్లెదండకు మెల్‌బోర్న్ విమానాశ్రయంలో 1,980 ఆస్ట్రేలియన్ డాలర్లు, అంటే లక్ష రూపాయలకు పైనే జరిమానా వేశారు. అమెరికాలోనూ పూలు ఉంటే దిగేటప్పుడు తప్పక చెప్పాలి, లోపలికి రానిచ్చేదీ లేనిదీ అక్కడి తనిఖీ అధికారి చేతిలో ఉంటుంది. డాలస్‌లోనో సిడ్నీలోనో పెళ్ళి అయితే అక్కడే దొరికే పూలతో చేసుకోండి. తెల్ల బటన్ చామంతులు, ఆర్కిడ్లు, స్ప్రే గులాబీలు ఎక్కడైనా దొరుకుతాయి. అట్ట, జడగంటలు, దారం ఇక్కణ్ణుంచి పట్టుకెళ్తే చాలు.

ఫంక్షన్ అయ్యాక జడ దాచుకోవచ్చా?

మొగ్గల జడ దాచుకునేది కాదు. రెండో రోజుకు గోధుమరంగు, మూడో రోజుకు వాసన. చామంతులు, గులాబీలు విప్పి నీడన ఆరబెడితే పనికొస్తాయి, మిగతావి తులసికోట పక్కన మట్టిలో కలిపేయండి. పారేసే ముందు అట్ట విప్పి నాగరం, జడబిళ్ళలు, మూడు జడగంటలు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. పెళ్ళి మర్నాడు పొద్దున్నే నాకు వచ్చే ఫోన్లలో సగం వాటికోసమే.